నలభై రెండేళ్ళకి హార్ప్ మొదలెట్టా: అద్దె హార్ప్, క్లాసు, శృతి కష్టాలు అన్నీ కలిపి నా రివ్యూ

పద్నాలుగు నెలల కిందట ఇలాంటి రివ్యూ ఒకటి తెలుగులో దొరుకుతుందేమోనని తెగ వెతికాను, వీణ గురించి వయొలిన్ గురించి కావలసినంత ఉంది గానీ హార్ప్ (చట్రంలో నిలువుగా బిగించిన తీగల్ని రెండు చేతులా మీటే వాయిద్యం) గురించి మాత్రం నాకు ఒక్కటీ కనపడలేదు, సరే నేనే రాద్దామని కూర్చున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

మేం డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటాం, వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ దేశంలో ఎటు చూసినా హార్ప్ బొమ్మే, యూరో నాణెం మీద హార్ప్, పాస్‌పోర్ట్ మీద హార్ప్, గవర్నమెంటు నుంచి వచ్చే కవర్ మీద హార్ప్, చివరికి గిన్నిస్ బీరు సీసా మీద కూడా అదే. (గిన్నిస్ వాళ్ళు 1876లోనే ట్రేడ్‌మార్క్ చేసేసుకున్నారు, అందుకని ప్రభుత్వం తన హార్ప్‌ని రెండో వైపుకి తిప్పి పెట్టుకుంది, నమ్మకపోతే సీసా, నాణెం పక్కపక్కన పెట్టి చూడండి.) ఇన్ని బొమ్మలు చూశాం గానీ ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే వినడం మాత్రం ఓ శనివారం మా లైబ్రరీలోనే మొదటిసారి. పిల్లల పుస్తకాలు తిరిగివ్వడానికి వెళ్ళా, ఒక కాలేజీ అమ్మాయి మూలన కూర్చుని వాయిస్తోంది, నేను కోటు కూడా విప్పకుండా నలభై నిమిషాలు అలాగే నిలబడిపోయా, పార్కింగ్ టైమ్ అయిపోయి మా ఆయన కార్లోంచి పన్నెండు సార్లు ఫోన్ చేశారు.

నా సంగతి చెప్పాలంటే చిన్నప్పుడు తెనాలిలో రెండేళ్ళు వీణ నేర్చుకుని పదో క్లాసు వచ్చిందని మానేసిన బాపతు. సరళీలు, జంటలు, అలంకారాలు, నాలుగు గీతాలు, అంతే. పాశ్చాత్య సంగీతం స్టాఫ్ నొటేషన్ (గీతల మీద చుక్కలతో స్వరాలు రాసే పద్ధతి) అయితే సున్నా. అంటే ఈ రివ్యూ మామూలు మనిషి రాసేదే, సంగీతజ్ఞులు రాసేది కాదు, అలాగే చదవండి.

ముందు చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. అందరిలాగే నేను కూడా ఆన్‌లైన్‌లో చౌకగా వస్తోంది కదా అని 22 తీగల చిన్న హార్ప్ ఒకటి కొనేశా, బొమ్మలో చూస్తే చెక్క మీద నగిషీలు, లతలు, పువ్వులు, అబ్బో ఎంత ముద్దుగా ఉందో. ఇంటికొచ్చాక తెలిసింది, నగిషీ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు బిరడాల (తీగల్ని బిగించే మేకుల) మీద పెట్టలేదు. పొద్దున్న శృతి చేస్తే టీ తాగేలోపు జారిపోయేది. పైన లీవర్లు ఉంటాయి, ఒక్కోటి ఎత్తితే ఆ తీగ సరిగ్గా అరస్వరం పెరగాలి, దీంట్లో ఒకటి ఎత్తితే పావు స్వరం పెరుగుతుంది, ఇంకోటి ఎత్తితే ముప్పావు పెరుగుతుంది, ఏ రాగానికీ చెందని స్వరాలన్నీ అక్కడే పుట్టాయి. మూడు నెలలకి సౌండ్‌బోర్డు (తీగల కింద మోగే చెక్కపలక) అతుకు దగ్గర చీలిక వచ్చింది. వెనక్కి పంపాలంటే షిప్పింగ్ నేనే పెట్టుకోవాలట. ఇప్పుడది మా హాల్లో ఫ్లవర్ వాజు పక్కన నిలబడి ఉంది, వచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకుంటారు, పనిచేసే దాన్ని ఎవరూ చూడరు.

దాని తర్వాతే అద్దెకి వెళ్ళా. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. 34 తీగల లీవర్ హార్ప్, నెలకి 45 యూరోలు, కనీసం మూడు నెలలు ఉంచుకోవాలి, తర్వాత అదే హార్ప్ కొనుక్కుంటే కట్టిన అద్దెలో మొదటి ఏడాదిది ధరలో తగ్గిస్తారు. ఇన్సూరెన్స్ మన బాధ్యతే, ఇంటి ఇన్సూరెన్స్‌లో దీన్ని కూడా రాయించుకోమన్నారు, రాయించా. కొనాలంటే ఈ సైజుది, మంచి లీవర్లు ఉన్నది రెండు మూడు వేల యూరోల పైమాటే, ఫ్రాన్స్ కామాక్, ఇటలీ సాల్వి, అమెరికా డస్టీ స్ట్రింగ్స్ ఇలా కొన్ని కంపెనీలవి ఎక్కువగా కనిపిస్తాయి, మన చేతులకి ఇది పడుతుందో లేదో తెలియకుండా అంత పెట్టడం నాకైతే పిచ్చితనం అనిపించింది. కచేరీల్లో బంగారు రంగులో నిలువెత్తు ఉంటుందే అది పెడల్ హార్ప్, వేరే సంగతి, దానికి 47 తీగలు, కింద ఏడు పెడల్స్, నలభై కిలోల దాకా బరువు, కారు ఖరీదు. దాని జోలికి వెళ్ళకండి.

వ్యానులో తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళారు. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఏంటే అది, నులక ఊడిపోయిన మంచం నిలబెట్టినట్టుంది" అంది. నిజంగానే అలాగే ఉంటుంది మొదట్లో. మా చిన్నాడు అయితే సాలెగూడు అన్నాడు.

సౌండ్ గురించి ముందు చెప్పేస్తా ఎందుకంటే ఈ ఒక్క విషయంలో మాత్రం ఐదుకి ఆరు ఇవ్వాలి. వయొలిన్ మొదలుపెడితే ఆర్నెల్లు ఇంట్లో వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోవాలి, వేణువు అయితే పలకడానికే వారాలు, హార్ప్ మాత్రం మొదటి రోజే, అసలు ఏమీ రాకపోయినా, తీగల మీద వేలితో ఇలా గీస్తే చాలు, పౌరాణిక సినిమాలో నారదుడు మబ్బుల్లోంచి దిగినట్టు ఉంటుంది. ఒళ్ళంతా మోగుతుంది, అతిశయోక్తి కాదు, కుడి భుజానికి ఆనించుకుని రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుంటాం కదా, మంద్రంలో తీగ మీటితే ఆ అదురు గుండె ఎముకకి తెలుస్తుంది. భుజం మీద బరువు పడుతుందని భయపడ్డా గానీ అలా పడకూడదట, వెనక్కి వాల్చినప్పుడు ఒక చోట అది తనంతట తానే తూగుతుంది, ఆ చోటు దొరికే ఎత్తు స్టూలు వెతుక్కోవాలి. మా డైనింగ్ కుర్చీ ఎత్తయింది, చివరికి పిల్లల స్టూలు మీద దిండు వేసి సర్దుకున్నా.

కానీ ఈ మొదటి రోజు తియ్యదనమే అసలు మోసం అండి. ఆ తర్వాత మూడు నెలలు ఏమీ రానట్టే ఉంటుంది. ఎందుకంటే తీగలు పక్కనుంచి చూస్తే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా కనిపిస్తాయి, గుర్తు కోసం సి తీగలు (పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు C, D, E, F, G, A, B) ఎర్రగా, ఎఫ్ తీగలు నల్లగా ఉంటాయి, మిగతావన్నీ ఒకే తెలుపు, ఎరుపు నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాలి. చిటికెన వేలు వాడరు, ఒక్కో చేతికి నాలుగు వేళ్ళే. బొటనవేలు పైకి నిలబెట్టాలి, మిగతా వేళ్ళు కిందికి, మీటాక ప్రతి వేలూ అరచేతిలోకి ముడుచుకోవాలి. దీన్నే క్లోజింగ్ అంటారు. మా టీచర్ గారు పద్నాలుగు నెలల్లో నాతో అన్న మాటల్లో సగం ఈ ముడుచుకోమనే మాటే అయ్యుంటుంది. ఇంకోటి, ఒక వేలు మీటకముందే తర్వాత మీటాల్సిన వేళ్ళన్నీ వాటి తీగల మీద ముందే ఆనించి ఉంచాలి, చదరంగంలో ఎత్తుల్లాగా. వీణ మీద ఉన్న అలవాటు ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు, పైగా అడ్డం పడింది, గోరుతో మీటబోయేదాన్ని. నైలాన్ తీగల హార్ప్‌కి గోళ్ళు ఉండకూడదు, వేలి కండతో లాగాలి. పాతకాలం ఐర్లండు హార్ప్‌కి మాత్రం ఇత్తడి తీగలుండేవి, వాటిని గోళ్ళతోనే వాయించేవాళ్ళు. మొదటి నెల్లో చూపుడు వేలికీ బొటనవేలికీ బొబ్బలు వచ్చాయి, పప్పులో ఉప్పు వేస్తుంటే కూడా మండేది, తర్వాత చర్మం గట్టిపడింది, ఇప్పుడు వేడి పెనం మీద చపాతీ చేత్తో తిప్పేస్తున్నా అది వేరే లాభం.

ఇక శృతి. ఈ ఒక్కటీ నాకు ఎవరైనా ముందే గట్టిగా చెప్పుంటే బాగుండేది. వీణకి ఏడు తీగలు, దీనికి 34. రోజూ చేయాలి. మొదటి నెల్లో నాకు ముప్పావుగంట పట్టేది, ఇప్పుడు పది పన్నెండు నిమిషాలు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, లీవర్లన్నీ కిందికి దించేసి, తాళంచెవి లాంటిది ఒకటి ఇస్తారు దాంతో బిరడా వెంట్రుకవాసి తిప్పాలి. నేను రెండో వారంలో చేసిన ఘనకార్యం చెప్తా వినండి, ఒక తీగ మీటుతూ దాని పక్క తీగ బిరడా తిప్పుతున్నా, యాప్‌లో ముల్లు కదలట్లేదు, కదలట్లేదని ఇంకా తిప్పా, ఇంకా తిప్పా, ఠప్పుమని తుపాకీ పేలినట్టు తెగి చెంప పక్కనుంచి పోయింది, మా ఆయన పైనుంచి పరిగెత్తుకొచ్చారు. ఈ తప్పు చేయని వాళ్ళు క్లాసులో ఒక్కరు కూడా లేరని తర్వాత తెలిసింది. అప్పటినుంచి తాళంచెవి పెట్టాక ఆ తీగని కింది నుంచి పైదాకా వేలితో తడిమి చూసుకున్నాకే తిప్పుతా.

ఇక్కడ వాతావరణం కూడా పగబట్టినట్టే ఉంటుంది, బయట ఎప్పుడూ తేమ, చలికాలం ఇంట్లో హీటింగ్ వేస్తే గాలి ఎండిపోతుంది, చెక్క పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. రేడియేటర్ పక్కన అస్సలు పెట్టకూడదు, కిటికీ ఎండ తగిలే చోటా వద్దు, మా హాల్లో ఈ రెండూ కాని గోడ ఒక్కటే ఉంది, అక్కడ దేవుడి మందిరం ఉండేది, ఏం చేస్తాం, మందిరం వంటింట్లోకి వెళ్ళింది, మా అత్తగారికి ఇంకా తెలీదు.

షాపు సర్వీసు మీద ఫిర్యాదులు చెప్పాలి కదా. ఆ తెగిన తీగ బదులు కొత్తది అడిగితే మూడు వారాలు పట్టింది, రెండుసార్లు మెయిల్ పెడితే జవాబు లేదు, ఫోన్ చేస్తే మధ్యాహ్నం భోజనం టైమ్ అని మెసేజ్, వాళ్ళ భోజనం పదకొండున్నరకి మొదలై మూడింటికి అవుతుందేమో. వచ్చిన తీగ కూడా తప్పుది, పక్క అష్టకం (ఆక్టేవ్)ది. ఇచ్చిన బ్యాగు జిప్ మొదటి నెల్లోనే ఊడింది, అది అంతకుముందు అద్దెకున్న వాళ్ళ దగ్గరే పాడైందని నా అనుమానం. అందుకే తీసుకునే రోజే ప్రతి లీవర్ ఎత్తి దించి చూసుకోండి, ఏదైనా జుయ్‌మంటుంటే అక్కడే చెప్పండి, బ్యాగు జిప్ కూడా చూడండి, నాలుగు ఫొటోలు తీసుకోండి. ఒక సెట్ అదనపు తీగలు మీరే కొని ఇంట్లో పెట్టుకోండి, కనీసం పై రెండు అష్టకాలవి, సన్నవే ఎక్కువ తెగుతాయి. మరి హార్ప్ ఎలా ఉందంటే, హార్ప్ మాత్రం బంగారం, లీవర్లు సరిగ్గా పనిచేస్తున్నాయి, శృతి నిలబడుతోంది, ఆ విషయంలో వాళ్ళని ఒక్క మాట అనను.

క్లాసు సంగతి. మంగళవారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో, పెద్దవాళ్ళ గ్రూపు, ఆరుగురం. రిటైరైన బస్సు డ్రైవర్ ఒకాయన, ఒక నర్సు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక పోలండ్ ఆవిడ, నేను. పిల్లల గ్రేడ్ పరీక్షల గోల లేదు, అదే నాకు హాయి. నేను స్టాఫ్ నొటేషన్ రాదని భయపడుతూ వెళ్ళానా, మొదటి రోజే టీచర్ కాగితాలన్నీ బ్యాగులో పెట్టేయమంది. ఆవిడ ఒక ముక్క వాయిస్తుంది, మేం వాయించాలి, మళ్ళీ వాయిస్తుంది, మళ్ళీ మేం, అది కుదిరాకే రెండో ముక్క. ఇంటికి వెళ్ళాక మర్చిపోకుండా ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. ఐర్లండు సంప్రదాయంలో చెవితో నేర్చుకోవడమే పద్ధతి అట. అరె ఇది మా తెనాలి మాస్టారి పద్ధతే కదా అనిపించింది, ఆయన కూడా పుస్తకం తెరిస్తే కోప్పడేవారు, ముందు పాడవే అనేవారు. క్లాసులో మిగతావాళ్ళు చెవితో పట్టుకోడానికి తంటాలు పడుతుంటే నాకు ఆ పని తేలిగ్గానే వచ్చింది, ముప్పై ఏళ్ళ కిందటి సరళీలు ఎక్కడో మిగిలే ఉన్నాయన్నమాట. వేళ్ళ దగ్గర మాత్రం డ్రైవర్ గారు నాకన్నా చాలా ముందున్నారు.

ఎక్కువగా నేర్పేది పాతకాలం ఐర్లండు హార్ప్ విద్వాంసుడు ఓ'కారొలన్ బాణీలు. ఆయన గురించి టీచర్ చెప్పింది విని నాకు ప్రాణం లేచొచ్చింది, 1670లో పుట్టాడు, పద్దెనిమిదేళ్ళకి మశూచి వచ్చి చూపు పోయింది, హార్ప్ నేర్చుకోవడం మొదలెట్టిందే ఆ తర్వాత, మూడేళ్ళు నేర్చుకున్నాక ఆదరించిన ఇంటివాళ్ళు ఒక గుర్రం, తోడుగా ఒక మనిషిని ఇచ్చి పంపారట, ఇక జీవితమంతా ఊరూరా తిరుగుతూ ఇళ్ళల్లో వాయిస్తూ బాణీలు కట్టాడు. ఆ రోజుల్లో పద్దెనిమిది అంటే హార్ప్‌కి ఆలస్యం కిందే లెక్క. నలభై రెండు ఏ లెక్కలోకి వస్తుందో నేను అడగలేదు. ట్రినిటీ కాలేజీలో ఉన్న పాత హార్ప్ కూడా చూసొచ్చాం, నాణెం మీద బొమ్మ దాన్ని చూసి గీసిందే, బ్రయన్ బోరూ అనే రాజుది అంటారు గానీ ఆ రాజు పోయింది 1014లో, హార్ప్ ఏమో 14, 15 శతాబ్దాల నాటిది, మన దగ్గర ప్రతి కొండ మీదా భీముడి పాదం ఉన్నట్టే. 29 తీగలు, నడుమెత్తు కూడా ఉండదేమో, అంత చిన్నది. ఐరిష్ హార్ప్ వాయించే కళకి 2019లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ఇక మనవాళ్ళందరూ అడిగే ప్రశ్న, దీని మీద కర్ణాటక సంగీతం వస్తుందా. సగం వస్తుంది. గమకం లేదండి, మెట్టు మీద తీగ లాగడం లాంటిది లేనే లేదు, కుడిచేత్తో మీటి ఎడంచేత్తో లీవర్ తటాలున ఎత్తితే అరస్వరం జారుతుంది గానీ అది గమకం అంటే మాస్టారు కర్ర పుచ్చుకుంటారు. ఒక తీగ మోగుతుండగానే పక్క తీగ మోగుతుంది కాబట్టి షడ్జం (స), శుద్ధ రిషభం (దానికి అరస్వరం పైనుండే రి) రెండూ కలిసి చెవిలో జోరీగ దూరినట్టు ఉంటుంది, ఎప్పటికప్పుడు వేలితో ఆపుకోవాలి. మోహనం, శంకరాభరణం అయితే హాయిగా పలుకుతాయి, దీక్షితులవారి నొట్టుస్వరాలు ఎటూ పాశ్చాత్య బాణీలే కాబట్టి దీని కోసమే రాసినట్టు కూర్చుంటాయి.

పిల్లలకి మొదటి పాఠాలు నేర్పే రాగం మాయామాళవగౌళ దగ్గర మాత్రం వారం రోజులు కొట్టుకున్నా. హార్ప్‌ని ఈ-ఫ్లాట్ మేజర్‌లో శృతి చేస్తారు (అంటే E, A, B తీగలు అరస్వరం తగ్గించి), లీవర్ ఎత్తితే అరస్వరం పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, అందుకని సి నుంచి మొదలెడితే శుద్ధ రిషభం దొరకదు. ఎఫ్ నుంచి దొరకదు, బి-ఫ్లాట్ నుంచి దొరకదు. చివరికి ఒక రాత్రి కాగితం మీద తీగలన్నీ రాసుకుని లెక్కేస్తే లీవర్ ఎత్తిన E తీగని షడ్జం చేసుకుని, ఎఫ్, సి లీవర్లు మాత్రం కిందికి వదిలేసి మిగతావన్నీ పైకి ఎత్తితే మొత్తం రాగం అచ్చుగుద్దినట్టు దిగింది! రాత్రి పదకొండింటికి హాల్లో ఒక్కదాన్నే సరిగమపదనిస వాయించుకుంటూ కూర్చున్నా. ఇంకో తమాషా, హార్ప్ మీద కుడిచేత్తో పైకి వెళ్ళేప్పుడు ఉంగరం వేలు, మధ్య వేలు, చూపుడు వేలు, బొటనవేలు అని నాలుగు, తర్వాత ఉంగరం వేలు కిందినుంచి దాటించి మళ్ళీ అవే నాలుగు, అంటే సరిగమ ఒక గుప్పెడు, పదనిస ఒక గుప్పెడు. మొదటి సరళీకి ఇంతకన్నా సరిపోయే వాయిద్యం లేదు. తర్వాతి మంగళవారం క్లాసులో దాంట్లోంచే పుట్టిన మలహరి రాగంలో గీతం రెండు లైన్లు వాయించి చూపించా, నర్సు ఆవిడ ఇది మీ ఊళ్ళో దెయ్యాల పాటా అని అడిగింది, పిల్లల పాఠం అంటే నమ్మలేదు.

మా అమ్మకి ఇంకా సందేహం, మనది కాని వాయిద్యం ఎందుకే అని. పోయినేడు లండన్ వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలు చూశాం, వాటిల్లో విల్లులా వంగిన హార్ప్ వాయిస్తున్న ఆడవాళ్ళు ఉన్నారు, ఆ కాలంలో వీణ అంటే అలాంటిదే కూడా. సముద్రగుప్తుడి నాణెం మీద ఆయన ఒళ్ళో ఉన్నది కూడా అదే. ఫొటో తీసి అమ్మకి పంపా, మన తెనాలికి గంటన్నర దూరం నుంచి పోయిన రాయే ఇది అని రాశా. "అలాగైతే వాళ్ళు కింద కూర్చుని వాయిస్తున్నారు, నువ్వు కూడా స్టూలు తీసేయ్" అని జవాబు వచ్చింది.

మొత్తానికి మార్కులు: హార్ప్‌కి ఐదుకి నాలుగున్నర, క్లాసుకి ఐదు, షాపు సర్వీసుకి రెండు, అది కూడా డెలివరీ తెచ్చినతను మెట్ల మీద గోడకి ఒక్క గీత పడకుండా ఎక్కించాడని. రోజుకి అరగంట కూడా కూర్చోలేని వాళ్ళు, శృతి చేయడం అంటే విసుగున్న వాళ్ళు వద్దు, నిజంగా వద్దు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, శబ్దం మెత్తగా ఉంటుంది, మా పక్కింటావిడ గోడ అవతలినుంచి వింటానని చెప్పింది. కారు వెనక సీట్లు మడిస్తే పడుతుంది, అది మాత్రం ముందే కొలుచుకోండి, ఎత్తు నాలుగున్నర అడుగుల పైనే ఉంటుంది.

వచ్చే నెల అద్దె రెన్యూవల్. కట్టిన 12 నెలల అద్దె తీసేస్తే కొనడానికి ఇంకా పదిహేడు వందలు పెట్టాలి, మా ఆయన ఇంకో ఆర్నెల్లు చూద్దాం అంటున్నారు, ఆ మాట ఆయన ట్రెడ్‌మిల్ కొనేప్పుడు అనలేదు. ఎవరైనా అద్దె తీసుకుని తర్వాత కొన్నవాళ్ళుంటే ఏం చేశారో చెప్పండి. నిన్న రాత్రి పై అష్టకంలో ఎర్ర తీగ ఒకటి దానంతట అదే తెగింది, ఇంట్లో ఉన్న కొత్తది వేశా, కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, ఇది రాస్తూ ఇప్పటికి మూడుసార్లు లేచి బిగించొచ్చా.